గాజుగుడ్డ పడవ కథ

పాత పడవ బాగుచెయ్యడం మీద తెలుగులో టపా ఏమిటి, వీడికి వేరే పని లేదా అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. చికాగోలో మొదలుపెట్టి, కనెక్టికట్ మీదుగా ఉప్పాడ ఒడ్డుకి చేరుస్తాను. మధ్యలో నా గ్యారేజీలో ఉన్న పడవ గురించి కూడా కొంచెం ఉంటుంది, అది తప్పదు.

1893లో చికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిందే. అక్కడే లిబ్బీ అనే గాజు వ్యాపారి ఒక గౌను పెట్టాడు, గాజు దారం, పట్టు దారం కలిపి నేసినది. జనం వింతగా చూసి వెళ్ళిపోయారు. గాజు దారం ఎంత సన్నగా తీస్తే అంత వంగుతుందనీ, లాగితే అంత గట్టిగా ఉంటుందనీ తెలుసు గానీ, చవగ్గా టన్నులకొద్దీ తీసే దారి ఎవరికీ తెలీదు.

ఆ దారి దొరకడం పొరపాటున జరిగింది. 1932లో ఓవెన్స్-ఇల్లినాయ్ అనే గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే కుర్రాడు రెండు గాజు దిమ్మెల్ని గాలి చొరకుండా అతికించే పనిలో ఉన్నాడు. కరిగిన గాజు మీద గాలి ఊదితే అది పీచుమిఠాయిలా సన్నటి పోగులై ఎగిరింది. చేస్తున్న పనికి అది పనికిరాదు. అయినా అతని పై అధికారి గేమ్స్ స్లేటర్ దాన్ని పక్కన పడెయ్యలేదు. 1938కల్లా ఓవెన్స్-కోర్నింగ్ అని దీనికోసమే ఒక కొత్త కంపెనీ పుట్టింది. మన ప్రాజెక్టుల్లో ఇలాంటిది జరిగితే 'అవుట్ ఆఫ్ స్కోప్' అని రాసి టికెట్ మూసేస్తారు :)

గాజు పోగులు ఒక్కటీ ఉంటే గుడ్డ అవుతుంది, పడవ అవదు. దానికి జిగురు కావాలి. మట్టి గోడలో వరిగడ్డి కలుపుతారు చూడండి, గడ్డి లాగుడికి తట్టుకుంటుంది, మట్టి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఇక్కడ గడ్డి బదులు గాజు, మట్టి బదులు పాలియెస్టర్ రెజిన్. ఈ రెజిన్ రకం 1930లలో తయారైంది. పొయ్యి, ఒత్తిడి యంత్రం అక్కర్లేకుండా, రెండు చుక్కలు క్యాటలిస్టు కలిపితే మామూలు గదిలోనే గట్టిపడిపోవడం దీని గొప్ప. యుద్ధ సమయంలో విమానాల రాడార్ మీద కప్పే డొప్పలు దీనితో చేశారు, ఎందుకంటే రాడార్ తరంగాలు ఇందులోంచి దాటిపోతాయి, రేకులోంచి దాటలేవు. 1942లో ఒహాయోలోని టొలీడోలో రే గ్రీన్ అనే పడవల మేస్త్రీ గాజుగుడ్డ, పాలియెస్టర్ తో ఒక చిన్న తెరచాప పడవ చేశాడు. ఫైబర్‌గ్లాస్ పడవల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు. ఓవెన్స్-కోర్నింగ్ కూడా టొలీడోదే కాబట్టి ఆ ఊళ్ళోనే మొదలవడంలో ఆశ్చర్యం లేదు.

చెక్క పడవకీ దీనికీ తేడా ఏమిటంటే, చెక్క పడవని లోపల్నించి బయటికి కడతారు. వెన్ను వేసి, పక్కటెముకలు నిలబెట్టి, పలకలు కొట్టి, సందుల్లో నార కూరి, చివర్న రంగు. ఫైబర్ పడవ పూర్తిగా తిరగేసి. ముందు అచ్చు ఉండాలి. అచ్చుకి మైనం రాసి, మొట్టమొదట వేసేది పైకి కనిపించే రంగు పొర, దాన్నే జెల్‌కోట్ అంటారు. దాని వెనక మ్యాట్, గుడ్డ, రెజిన్, మళ్ళీ మ్యాట్. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే మెరుస్తూ బయటికొస్తుంది. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న వడ్రంగి అక్కర్లేదు, అచ్చు ఒక్కటి బాగుంటే చాలు, పనివాళ్ళు నెలలో నేర్చుకుంటారు. చెక్క పడవల మేస్త్రీల అన్నం పోయింది ఇక్కడే. రోడ్ ఐలండ్ లో పియర్సన్ అనే అన్నదమ్ముల పిల్లలు 1950లలో గ్యారేజీలో చిన్న ఫైబర్ పడవలు చేస్తూ మొదలుపెట్టి, 1959 న్యూయార్క్ బోట్ షోలో ట్రైటన్ అనే పెద్ద పడవతో ఒక్కసారిగా ఫ్యాక్టరీ స్థాయికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా పడవ సంగతి. దాని పేరు సన్‌ఫిష్. నేను పనిచేసే హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు, సగం క్యూబికల్స్ లో తెలుగు వినిపిస్తుంది. అక్కడికి అరగంట, నలభై నిమిషాల దూరంలో వాటర్‌బరీ ఉంది. ఒకప్పుడు ఇత్తడి ఫ్యాక్టరీల ఊరు. మా వాళ్ళకి ఆ ఊరంటే హైవే మీద ట్రాఫిక్ జామ్ మాత్రమే. అమెరికాలో బాగా ఎక్కువగా అమ్ముడుపోయిన తెరచాప పడవ పుట్టింది ఆ ఊళ్ళోనే.

అలెక్స్ బ్రయన్, కోర్ట్‌లాండ్ హైనిగర్ అనే ఇద్దరు స్నేహితులు 1945లో అక్కడ ఒక చిన్న షెడ్డు పెట్టారు. ఆల్, కోర్ట్ కలిపి కంపెనీ పేరు ఆల్‌కోర్ట్. నీళ్ళలో మునిగేవాళ్ళని కాపాడ్డానికి తెడ్డుతో నడిపే బల్ల ఒకటి చేసిపెట్టమని రెడ్ క్రాస్ వాళ్ళు అడిగారనీ, ఆ బేరం కుదరక, ఆ బల్లకే తెరచాప కట్టి చూశారనీ కథ. దానికి సెయిల్‌ఫిష్ అని పేరు పెట్టారు. బల్లపరుపుగా ఉంటుంది, కూర్చోడానికి చోటు లేదు, ఎక్కినవాడు తడవకుండా దిగడు. 1949లో లైఫ్ పత్రిక దీని గురించి ఫోటోలతో వేసేసరికి ఆర్డర్లు కుప్పలు పడ్డాయి. చాలావాటిని కిట్లుగా అమ్మేవారు: ప్లైవుడ్ ముక్కలు, మేకులు, కాగితం మీద సూచనలు డబ్బాలో పెట్టి పంపితే నాన్నలు గ్యారేజీల్లో బిగించుకునేవారు.

సన్‌ఫిష్ వచ్చింది 1951-52లో. అలెక్స్ బ్రయన్ భార్య ఐలీన్ అప్పుడు గర్భవతి. ఆవిడ మామూలు మనిషి కాదు, పేరున్న సెయిలర్, ఆవిడ తండ్రి కార్నీలియస్ షీల్డ్స్ 1953లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకెక్కిన పందెపు నావికుడు. ఆ బల్ల మీద కాళ్ళు ముడుచుకు కూర్చోలేక, కాళ్ళు పెట్టుకునే గుంత ఒకటి ఉంటే బాగుంటుందని ఆవిడ అంది. వాళ్ళ దగ్గర పనిచేసే కార్ల్ మైనెల్ట్ షెడ్డు నేల మీదే గీత గీసి, వెడల్పు పెంచి, గుంత పెట్టి కొత్త పడవ కట్టాడు. నాకిక్కడ ఒక చిన్న గుర్రు. కంపెనీ పేరులో ఆల్ ఉన్నాడు, కోర్ట్ ఉన్నాడు. పడవ అమ్ముడుపోయింది ఆ గుంత వల్ల. ఆ రిక్వైర్‌మెంట్ చెప్పినావిడ పేరు గానీ, గీత గీసి కట్టినాయన పేరు గానీ ఎక్కడా లేదు. చేప బొమ్మ లోగో మాత్రం కోర్ట్ ఒక నాణెం పెట్టి గుండ్రంగా గీసి, తోకా కన్నూ అతికించాడని అందరూ ముచ్చటగా చెప్తారు.

1960 ప్రాంతంలో సన్‌ఫిష్ ఫైబర్‌గ్లాస్ లోకి మారింది. ఇక ఆగలేదు. 1969లో ఏఎంఎఫ్ అనే పెద్ద కంపెనీ ఆల్‌కోర్ట్ ని కొనేసింది. 1970లో మొదటి ప్రపంచ పోటీ జరిగితే గ్యారీ హోయ్ట్ గెలిచాడు. తర్వాత చేతులు మారుతూ మారుతూ 2007లో లేజర్‌పర్‌ఫార్మెన్స్ దగ్గరికి చేరింది. మొత్తం మూడు లక్షలకి పైగా తయారయ్యాయని చెప్తారు. పొడుగు 13 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 4 అడుగుల చిల్లర, తెరచాప 75 చదరపు అడుగులు. ఒక కొయ్య, దానికి రెండు వాసాలు, ముక్కోణపు గుడ్డ, రెండు తాళ్ళు, చుక్కాని, మధ్యలో దింపే ఒక పలక. అంతే సరంజామా. అరబ్బు ఓడల మీద కనిపించే తరహా తెరచాప ఇది, వాళ్ళు తెచ్చింది మాత్రం అమెరికన్ తెరచాప కనూ నుంచి.

నేను కొన్నదానికి 150 డాలర్లు ఇచ్చాను. మా నాన్నకి ఫోన్లో చెప్తే "ఇల్లు కొనుక్కోమంటే పడవ కొన్నావా, అదీ పాతదా" అన్నారు. అమ్మినాయనకి అది ఏ సంవత్సరానిదో తెలీదు. కనుక్కోవడం సరదాగానే ఉంది. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారయ్యే ప్రతి పడవకీ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దీని వెనక చెంప మీద ఎక్కడా ఆ సంఖ్య లేదు. చుక్కాని బిగించే సామాను పాత తరహా కంచుది, ఆ తరహా 1971-72 ప్రాంతంలో ఆగిపోయింది. కాబట్టి ఇది 1960కి, 1972కి మధ్యది. వెర్షన్ నంబర్ లేని బైనరీని దాని లైబ్రరీలు చూసి గుర్తుపట్టినట్టే.

పాత సన్‌ఫిష్ లన్నిటికీ ఒకటే జబ్బు, నీరు పట్టడం. పైకి చూస్తే బోలు పెట్టెలా ఉంటుంది గానీ, లోపల తెల్లటి ఫోము దిమ్మెలు ఉంటాయి. పడవ తిరగబడినా తేలడానికి, పైడెక్కు కుంగకుండా ఆనుకోడానికి వాటిని పెట్టారు. కొత్తలో ఆ ఫోము నీళ్ళు పీల్చదు. దశాబ్దాల తరబడి లోపల నీళ్ళు నిలిస్తే మాత్రం మెల్లిగా పీలుస్తుంది. కొత్త సన్‌ఫిష్ బరువు 120 నుంచి 130 పౌండ్లు. నాది కాటా మీద 187 చూపించింది. ఎక్కువున్నది సుమారు 26 కిలోలు, అంటే రెండు బిందెల నీళ్ళు మోసుకుంటూ తిరుగుతోందన్నమాట.

నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? పెద్ద చిల్లేమీ లేదు. ఇక్కడ తొమ్మిదో తరగతి ఫిజిక్స్ పనికొస్తుంది. ఎండలో ఒడ్డున పెట్టిన పడవ లోపలి గాలి 50 డిగ్రీలకి వెళ్ళిందనుకోండి. దాన్ని 20 డిగ్రీల చెరువులోకి తోస్తే ఆ గాలి దాదాపు పది శాతం కుంచించుకోవాలి. అలా కుంచించుకుంటూ ఎక్కడ సన్నటి సందు ఉంటే అక్కణ్ణించి నీళ్ళు లాగుతుంది. డెక్కు, అడుగుడిప్ప కలిసే అంచు, కొయ్య దిగే గొట్టం అడుగు, చుక్కాని మేకుల చుట్టూ, ఇవే సందులు. ఈ సంగతి తెలిసే కట్టినవాళ్ళు గుంత ముందు గోడలో గాలి ఆడ్డానికి ఒక సూది బెజ్జం పెట్టారు. చాలా పడవల్లో దాన్ని ఎవరో ఒక మహానుభావుడు 'లీకు' అనుకుని పుట్టీతో మూసేసి ఉంటాడు. నాదాంట్లోనూ అంతే. కోడులో అర్థంకాని లైను కనిపిస్తే తీసిపారేసేవాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

లీకులు పట్టుకునే పద్ధతి సైకిల్ పంక్చర్ లాంటిదే. అంచు చుట్టూ సబ్బునీళ్ళు రాసి, లోపలికి కొంచెం గాలి పంపితే బుడగలు వస్తాయి. నోటితో ఊదినంత గాలి చాలు, కంప్రెసర్ పెడితే అంచు విడిపోతుంది. కొయ్య గొట్టంలో నీళ్ళు పోసి గంట తర్వాత మట్టం చూస్తే దాని సంగతి తెలుస్తుంది.

ఆరబెట్టడానికి మాత్రం దగ్గర దారి లేదు. డెక్కు మీద ఆరు అంగుళాల రెండు గుండ్రాలు కోసి (తర్వాత వాటికి మూతలు బిగిస్తారు), ఒకదాంట్లో చిన్న ఫ్యాను పెట్టి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గ్యారేజీలో వదిలేశాను. 187 కాస్తా 143కి దిగింది. కోసిన ఆ గుండ్రటి ముక్కని అడ్డంగా పెట్టి చూస్తే పొరలన్నీ కనిపిస్తాయి, పైన జెల్‌కోట్, కింద మ్యాట్, గుడ్డ. ఆరోజుల్లో ఈ కొత్త పదార్థం ఎంత బలమో కట్టేవాళ్ళకి పూర్తి నమ్మకం లేక కాస్త మందంగానే వేసేవారని అంటారు. 1973లో చమురు ధర పెరిగాక రెజిన్ కూడా ప్రియమైంది, లెక్కలు బిగిశాయి. అందుకే పాత పడవల మీద పాతకాపులకి అంత ప్రేమ.

పగుళ్ళు అతకడంలో అసలు రసాయనం ఉంది. అచ్చులో ఒక పొర పచ్చిగా ఉండగా ఇంకో పొర వేస్తే రెండూ ఒకే పదార్థంగా ముడిపడిపోతాయి. యాభై ఏళ్ళ క్రితం గట్టిపడిన పొర మీద కొత్తది వేస్తే అలా ముడిపడదు, కేవలం గరుకుని పట్టుకుని వేలాడుతుంది. అందుకని పగులు మీద ఒక పట్టీ అతికిస్తే సరిపోదు. చుట్టూ వాలుగా అరగదీయాలి, మందానికి పన్నెండు రెట్లు. మూడు మిల్లీమీటర్ల డిప్ప అయితే అన్ని వైపులా 36 మిల్లీమీటర్లు. ఆ పల్లంలో ఒకదాని మీద ఒకటి కొలతలు మారుస్తూ గుడ్డ ముక్కలు పరుస్తారు. పాత పొరకి పాలియెస్టర్ కన్నా ఎపాక్సీ బాగా అంటుతుంది, ధర మాత్రం ఎక్కువ. ఎపాక్సీ వాడితే మామూలు మ్యాట్ పనికిరాదు, ఎందుకంటే ఆ మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ లో ఉండే స్టైరీన్ కే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. గుడ్డ వాడాలి. ఎపాక్సీ మీద జెల్‌కోట్ సరిగా గట్టిపడదని హెచ్చరిస్తారు కాబట్టి నేను పైన పెయింటే వేశాను. ప్రదర్శనకి పెట్టే పడవ కాదు కదా.

చుక్కాని బిగించే చోట లోపల ఒక చెక్క దిమ్మె ఉంటుంది. మొత్తం పడవలో కుళ్ళిపోయింది అదొక్కటే. గాజు అలాగే ఉంది.

ఈ చివరి మాట దగ్గరే నాకు అసలు చిక్కు కనిపిస్తుంది. చెక్క పడవ ముసలిదైతే కట్టెల పొయ్యిలోకి పోతుంది, లేదా మట్టిలో కలిసిపోతుంది. కొల్లేట్లో తాటి దోనె పాడైతే ఎవరూ దాని గురించి మీటింగ్ పెట్టరు. ఫైబర్ పడవని కరిగించి మళ్ళీ పోయలేం, ఒకసారి గట్టిపడిన రెజిన్ మళ్ళీ ద్రవం అవదు. కాలిస్తే విషపు పొగ. పాతిపెడితే అలాగే ఉంటుంది. నాకు 150 డాలర్లకి పడవ ఇచ్చినాయన బేరమాడకపోవడానికి కారణం ఇదే, చెత్తకుప్పకి పంపాలంటే ఆయనే ఎదురు డబ్బు కట్టాలి. రోడ్ ఐలండ్ లో పడవల వ్యాపారుల సంఘం 2018 ప్రాంతంలో పాత ఫైబర్ పడవల్ని ముక్కలు చేసి సిమెంటు బట్టీల్లో వాడే ప్రయత్నం మొదలుపెట్టింది. రెజిన్ ఇంధనంగా మండుతుంది, గాజు సిమెంటులో కలుస్తుంది. ఫ్రాన్స్ 2019 నుంచి కొత్త పడవ కొన్నప్పుడే దాని అంత్యక్రియల ఖర్చు కింద కొంత రుసుము తీసుకుంటోంది. నా మటుకు నాకు ఫ్రాన్స్ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. లాభం తీసుకున్న తరం కట్టాలి, యాభై ఏళ్ళ తర్వాత ఆ పడవ ఎవరి పెరట్లో తేలితే వాళ్ళు కాదు.

మరి మన ఒడ్డున? నేను కాకినాడ వైపు వాణ్ణి. మా చిన్నప్పటికే ఉప్పాడలో కొయ్య తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు కనిపించేవి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తూర్పు తీరమంతా స్వచ్ఛంద సంస్థలు పడవలు పంచాయి, అందులో ఫైబర్‌వే ఎక్కువ. హడావుడిగా కట్టినవి చాలా ఉన్నాయని, నాణ్యత సరిగా లేదని అప్పుడే ఫిర్యాదులు వచ్చాయి. పదేళ్ళు, పదిహేనేళ్ళు రోజూ అలల్లో, ఇసక మీద ఈడ్చుకుంటూ వాడే పడవ అది. వారానికోసారి చెరువులో తిప్పే నా సన్‌ఫిష్ తో దానికి పోలికే లేదు. అతుకులు పడతాయి, మళ్ళీ అతుకుతారు.

ఆ అతుకులు వేసేవాళ్ళని నేను దగ్గర్నించి చూశాను. లుంగీ, ఒట్టి చేతులు, ముక్కుకి ఏమీ లేదు. గ్రైండర్ పెడితే తెల్లటి దుమ్ము ఒళ్ళంతా. రెండో చేత్తో డబ్బాలో రెజిన్ కలుపుతుంటారు, క్యాటలిస్టు సీసా మూతతోనే కొలత. ఆ క్యాటలిస్టు ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. రెజిన్ ఘాటుగా వాసన కొట్టడానికి కారణమైన స్టైరీన్ ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అనే 2ఏ వర్గంలోకి మార్చింది. నేను ఇక్కడ రెండు ఫిల్టర్ల మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, గ్యారేజీ తలుపు తీసి, వారాంతంలో రెండు గంటలు చేస్తాను. ఆ మాస్కు నలభై డాలర్లు. పని రెండిచోట్లా ఒకటే: అదే వాలు, అదే గుడ్డ, అదే పన్నెండు రెట్లు. ఉప్పాడలో చేసే ఆయన చెయ్యి నాకంటే వందరెట్లు శుభ్రంగా తిరుగుతుంది.

మా ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గుంపులో ఈ విషయం కదిపితే ఇద్దరు ముందుకొచ్చారు. ఫిల్టర్లు ఎప్పటికప్పుడు మార్చాలి, లేకపోతే మాస్కు ఉన్నా లేనట్టే. కాబట్టి మాస్కులు కొని పంచేసి ఫోటో దిగడం కాకుండా, ఏడాదికి సరిపడా ఫిల్టర్లు ఆ ఊళ్ళోనే దొరికేలా ఒక కొట్టుతో మాట్లాడుతున్నాం. పది మందికి లెక్క వేశాం. ఎవరికైనా కాకినాడలో భద్రతా సామాను టోకుగా అమ్మేవాళ్ళు తెలిస్తే చెప్పండి.